కండ్లు తెరవని బిడ్డ

ఆడబిడ్డ కొడుకును తొట్టెలలో వేసిన రోజు జయలక్ష్మి చేతికి బిడ్డను ఇవ్వలేదు, రాయిని ఇచ్చారు.

ఆళ్లగడ్డలో ఆ ఇంటి ఆచారం అది. బిడ్డకు దిష్టి తగలకుండా ముందు రుబ్బురోలు గుండుకు పసుపు పూసి, గుడ్డ చుట్టి, తొట్టెల కింద నుంచి ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి మారుస్తారు. తర్వాత అదే వరుసలో బిడ్డ వస్తాడు. గుండు జయలక్ష్మి దాకా వచ్చి వెళ్లింది. బిడ్డ వచ్చేసరికి అత్త నాగరత్నమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నీకు గుండు చాల్లేవే. పసిబిడ్డ మీద నీ చెయ్యెందుకు పడాల?"

కొందరు నవ్వారు. నవ్వనివాళ్లు తొట్టెల తాడు వంక చూశారు. ఒక్కరికీ నోరు రాలేదు. విస్తళ్లు వేసినప్పుడు మాత్రం అందరికీ వచ్చింది. జయలక్ష్మికి ఆ మాటకన్నా ఆ గుండే గుర్తుండిపోయింది. అన్ని చేతులు మారిందేమో, వెచ్చగా ఉండింది.

ఆమె భర్త శ్యాంసుందర్ రాతి శిల్పి. పిల్లల కోసం నంద్యాలలో ఏ ఆసుపత్రికి పోదామని ఆమె అడిగినప్పుడల్లా ఉలి అందుకునేవాడు. చివరికి తనే ఒకటి తేల్చాడు. అక్కడి పెద్ద ఫెర్టిలిటీ ఆసుపత్రి వాళ్లు అతనితో నల్లరాతి పసిబిడ్డను చేయించుకున్నారు.

"ఆడికే పో. తెల్సినోళ్లు. మందులు నీకే రాస్తారు, నన్నేమీ అడగరు."

"నిన్నెందుకు అడగరు?"

"మా ఇంట్లో మగోళ్లకు ఏం తక్కువైందని అడగాల?"

విగ్రహానికి కండ్లు చివర్న ఉలితో చెక్కి తెరుస్తారు, అది నిలిచే చోటికి పోయి తెరుస్తారు. బిడ్డ నంద్యాల చేరింది. శిల్పి చేరలేదు. రేపు, ఎల్లుండి అంటూ నెలలు గడిపాడు. అడగరని పైకి అన్నా, ఆ గడప తొక్కితే తననూ పరీక్షకు రమ్మంటారేమోనని అతని భయం. ఆమెకు తెలుసు.

అత్తను వెంటబెట్టుకొని జయలక్ష్మి వెళ్లింది. హాలు గోడల నిండా నవ్వుతున్న పిల్లల ఫొటోలు. కింద వరుసల్లో ఆడవాళ్లు. ఎవరూ మాట్లాడటం లేదు. గుడ్డలో చుట్టిందేదో ఒడి నుంచి ఒడికి నెమ్మదిగా మారుతూ వస్తోంది. పక్కనున్నామె దాన్ని గుండెకు ఆనించుకొని గొంతులోనే ఏదో పాడింది. ఆపింది. చెవి పెట్టి విన్నది. మళ్లీ పాడింది.

"ఎన్నాళ్ల నుంచి వస్తాండావక్కా?" అని జయలక్ష్మి అడిగింది.

"లెక్క పెట్టేది మానేసినాలే. ఇదో, పట్టుకో. కొత్తోళ్లు పట్టుకుంటే మంచిదంట. ఊపే కొద్దీ బరువైతాది, భయపడొద్దు."

గుడ్డ తొలగింది. రాతిబిడ్డ. నెత్తి చేతుల జిడ్డుకు మెరుస్తోంది. గడ్డం మీద సొట్ట. అది జయలక్ష్మి గడ్డమే. తనకు తెలియకుండా తన ముఖాన్ని ఎప్పుడు చూసి చెక్కాడో! కండ్లు ఉండాల్సిన చోట రాయి నున్నగా ఉంది. ఆమె చేతులు వాటంతటవే చాచుకున్నాయి. రాయి తగిలింది. వెచ్చగా ఉంది. అదే వెచ్చదనం.

"తీసుకోవే! అందరూ తీసుకుంటాండారు గదా," అంది అత్త.

జయలక్ష్మి దాన్ని పక్కామె ఒడిలోనే వదిలి లేచింది.

"యాడికే?"

"రాయి ఇయ్యని చోటికి పోతాండా అత్తా."

రెండు వీధుల అవతల, మిద్దె మీద చిన్న ఆసుపత్రి. గోడకు ఒక్క ఫొటో కూడా లేదు. అక్కడి డాక్టరమ్మ మొత్తం విని, "మీ ఆయన్ను పిల్చుకరామ్మా. ఆయన పరీక్ష కాకుండా నీకు ఒక మాత్ర కూడా రాయను," అంది. జయలక్ష్మి మెట్ల మీద కూర్చొని ఏడ్చింది. ఇన్నాళ్లలో అతన్ని రమ్మన్నది ఈ డాక్టరమ్మ ఒక్కతే.

శ్యాంసుందర్ రానన్నాడు. జయలక్ష్మి చాగలమర్రిలో పుట్టింటికి చేరింది. అక్కడా నిద్రలో ఆమె చేతులు దేన్నో ఊపుతూనే ఉన్నాయని తల్లి చెప్పింది.

ఒకరోజు అతను వచ్చాడు. వాకిట్లోనే నిలబడి, "ఇంటికి రా. ఊళ్లో నవ్వుతాండారు," అన్నాడు. ఆ తర్వాత వాళ్లిద్దరూ కలవలేదు. ఆరోజు గడపలోంచే ఆమె చెప్పింది:

"పరీక్షకు వస్తానంటే చెప్పు, ఇప్పుడే నంద్యాల బస్సెక్కుతా. రానంటే, పోయి ఆ బిడ్డకన్నా కండ్లు తెరువు. నా ముఖం పెట్టి గుడ్డిదాన్ని చేసి కూర్చోబెట్టినావు. ఎవరి ఒళ్లో ఉండాదో దానికన్నా తెలియాల."