పన్నెండు ఇటుక చీరలు, ఒక ఖరీదైన టాబ్లెట్

చదివినవాడు తెలివి చూపిస్తే ఇల్లు ఎంతదాకా నష్టపోగలదో చూడాలనుందా? అయితే కాస్త కూర్చోండి. ఆరేళ్ళ కిందట నేను ఒకే ఒక్క వస్తువు కొని మూడు మగ్గాలను, ఒక బడిని, ఆఖరికి ఒక పెళ్ళి పంక్తిని కూడా అతలాకుతలం చేశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు ఛార్జింగ్ పెడితే పోయింది.

మాది కమలాపురం దగ్గర చేనేత కుటుంబం. నాయన నూలుకు రంగు వేస్తాడు, నేస్తాడు. గుంట మగ్గంలో కూర్చోవడానికి నా కాళ్ళు పుట్టలేదని నేను డిగ్రీ రోజుల్లోనే ప్రకటించి, చీర అంచుల బొమ్మలు గీసే పని ఎత్తుకున్నాను. గళ్ళ కాగితం మీద గీసీ గీసీ విసుగొచ్చి, పెన్నుతో గీసే టాబ్లెట్ కావాలని పట్టుబట్టాను.

కడపలో అంగడివాడు రెండు చూపించాడు. ఒకటి మామూలుది. రెండోది దానికి రెండింతల ధర. మూడు వారాలు ఆ అంగడి చుట్టూ తిరిగాను. నాలుగోసారి పోయేసరికి కాపలా ఆయన నేను పనిలో చేరాననుకుని, టీ తాగొస్తాను, కాసేపు తలుపు దగ్గర నిలబడమన్నాడు. నిలబడ్డాను కూడా. అంగడివాడు ఖరీదైనదాని గొప్పలు ఇరవై దాకా చెప్పాడు. పంతొమ్మిదోది ఏదో కళ్ళకు మేలు చేసే ఏర్పాటు, చవకదాంట్లో మనమే వెతికి పెట్టుకోవాలి, దీంట్లో పొద్దు గూకితే దానంతటదే వచ్చేస్తుందన్నాడు. అప్పటికే నేను పెట్టె మీది బొమ్మను నిమురుతున్నాను. ఊఁ కొట్టాను.

ఇంట్లో నాయన అడిగింది ఒక్కటే.

"రెండిట్లోనూ గీత గీస్తే గీత పడతాదా?"

"పడతాది."

"మరి రెండింతలు పెట్టేది దేనికిరా?"

"రంగులు నాయనా. దాంట్లో రంగు ఉన్నది ఉన్నట్టు కనపడతాది."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోదామని ఆరేళ్ళుగా చూస్తున్నాను, ఇంట్లోవాళ్ళు మరవనివ్వడం లేదు. మగ్గాల ఇంటి మీద రేకులు మార్చడానికి దాచిన డబ్బుతోనే దాన్ని తెచ్చాను. కడపలో వాన పడేదెప్పుడు, రేకులు కారేదెప్పుడని నా వాదన.

కొన్న వారానికే పెద్ద బేరం తగిలింది. ఊళ్ళో ఒక బడి వార్షికోత్సవానికి పన్నెండు మంది టీచర్లకు ఒకే రంగు చీరలు కావాలట. హెడ్‌మిస్ట్రెస్ గదిలో మిట్టమధ్యాహ్నం టాబ్లెట్ తెరిచి తామరపువ్వు రంగు చీర చూపించాను. ఆమె మురిసిపోయింది. బడిలో అందరికీ అదే రంగు రవికెలు కుట్టిస్తున్నామని చెప్పి, మాదిరికి ఉంచుకోమని ఒక రవికె గుడ్డ ముక్క ఇవ్వబోయింది. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోబుద్ధవుతుంది. "గుడ్డముక్కల కాలం పోయింది మేడమ్, రంగు దీంట్లోనే భద్రంగా ఉండాది" అని వెనక్కి ఇచ్చేశాను.

మే నెల. కడప ఎండలో పగటిపూట రంగు పొయ్యి వెలిగిస్తే నూలుకంటే ముందు మనిషి ఉడుకుతాడు. అందుకని పొద్దు గూకినాకే రంగు వేసేది. నాయన తడి నూలు చిలప పైకెత్తి, నేను పట్టుకున్న టాబ్లెట్ పక్కన పెట్టి చూశాడు. రెండూ అచ్చం ఒకటే. అయినా ఆయన మొహం చిట్లించాడు.

"ఆ యమ్మ తామరపువ్వు అనిందంటివి. ఇది ఎర్రమట్టి మాదిరి ఉండాదే. ఒక్క చిలప ముంచి, ఆరబెట్టి, పొద్దున ఎండలో చూసి మిగతాది ముంచుదాం."

మా ఇంట్లో తాతల నాటి నుంచి పద్ధతి అదే. ఎండ ఒప్పుకోనిదే ఏ రంగూ మగ్గమెక్కదు. నేను మాత్రం, ఇంత వెల పెట్టినాక మళ్ళీ ఎండను అడిగేదేంది అన్నాను. చదువుకున్న కొడుకని నాయన తగ్గాడు. మొత్తం నూలు ముంచేశాం.

మరి నేసినన్ని రోజులూ పగలు ఎవరూ చూసుకోలేదా అంటారా? టాబ్లెట్‌కు దుమ్ము తగలకూడదని పగలంతా మూడు గుడ్డల్లో చుట్టి బీరువాలో పెట్టేవాణ్ణి. బయటికి తీసేది దీపాలు పెట్టాకే.

ఉత్సవానికి నెల ముందే చీరలు అయిపోయాయని పొంగిపోయి కబురు పెడితే, హెడ్‌మిస్ట్రెస్ ఉదయాన్నే కుట్టిన రవికెతో వచ్చింది. చీర మీద రవికె పరిచింది. తామరపువ్వును తీసుకెళ్ళి ఇటుక బట్టీలో పెట్టినట్టుంది.

"ఏమప్పా సుధాకర్, నేను చూసింది ఈ రంగేనా?"

నేను బీరువా తెరిచి, మూడు గుడ్డలూ విప్పి, టాబ్లెట్ వెలిగించాను. తామరపువ్వు. నాయనకు అర్థం కాలేదు. "ఎండలోకి తే, చూద్దాం" అన్నాడు. వాకిట్లోకి తెచ్చి ఎత్తిపట్టాను. ఆ ఎండలో తెర మీద తామరా లేదు, ఇటుకా లేదు, నా మొహం ఒక్కటే కనిపిస్తోంది.

"ఈ రంగు నాకు ముందే తెలుసులే" అన్నాడు నాయన.

అప్పుడు నా చెవిలో అంగడివాడి పంతొమ్మిదో మాట మోగింది. పొద్దు గూకగానే ఆ మహాతల్లి నా కళ్ళ మీద జాలితో తెరంతా పసుపు పూసేది. చవకది కొనుంటే, నేను పెట్టుకోనిదే ఆ జాలి ఉండేది కాదు. రెండింతలు పోసి నేను కొన్నది ఆ పసుపునే.

నాయన మాత్రం ఆమెకు నమస్కారం పెట్టి, "తప్పు మాదమ్మా, ఉత్సవం దినానికి మళ్ళీ నేసిస్తాం" అని, నేను కాదన్న గుడ్డముక్కను అడిగి తీసుకున్నాడు. ముప్పయ్యేళ్ళ మాట పోకూడదని ఆయన పట్టుదల. మూడో మగ్గానికి మనిషి దొరకలేదు. నా కాళ్ళు దేనికి పుట్టాయో ఆ నెలలో బాగా తెలిసింది. ఉత్సవం ముందురోజు చీరలు బడికి చేరాయి, రవికెలతో కలిసిపోయాయి.

మిగిలిన ఇటుక చీరలు పారేస్తామా? అమ్మ తానొకటి ఉంచుకుని, పిన్నమ్మలకూ మేనత్తలకూ పంచింది. అందరూ ముచ్చటపడి రాయచోటిలో మా బంధువుల పెళ్ళికి అవే కట్టుకొచ్చారు. పన్నెండు మంది ఆడవాళ్ళు ఒకే రంగు చీరల్లో భోజనాల వైపు నడిచారో లేదో, మొదటి వరసలోంచి ఒక పెద్దాయన చెయ్యెత్తాడు.

"అమ్మా, ఈడ సాంబారు."

మా అమ్మ గరిటె అందుకుంది. రెండు వరసలు వడ్డించింది. వెనక బకెట్టు మోసింది నేను. అది ఖాళీ అయ్యాక నా వైపు తిరిగింది.

"నీ టాబ్లెట్ రంగు శానా బాగుండాదిరా. అంత దూరం నుంచి కనిపెట్టి పిలిచినారు."

అందుచేత, ఆ సాంబారు బకెట్టు మీద చెయ్యి వేసి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక నా జన్మలో ఏ వస్తువుకైనా ఎక్కువ వెల పెట్టాల్సి వస్తే పంతొమ్మిదో మాట రెండుసార్లు చెప్పించుకుంటాను. కొన్నదాన్ని ముందు ఎండకు చూపిస్తాను. రవికె గుడ్డ ముక్క ఎవరిచ్చినా రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంటాను.