పది అడుగుల నీడ

పొద్దున మిద్దె మీద పరిచిన బొంతపై చెయ్యి వేశాను. వేడెక్కిన పాత నూలు వాసన ముక్కుకు తగలగానే మా అత్త గుర్తొచ్చింది. ఆమె మనుషుల్ని అంత తొందరగా నమ్మేది కాదు, ఎండనైతే అసలే నమ్మేది కాదు.

1960లలో పాతపాళ్య అనే పల్లెలో మా కాపురం. నా కొడుక్కు రెండేళ్లు నిండినా నడక రాలేదు, కాళ్లు వంకర తిరుగుతున్నాయి. అత్త వాణ్ణి గడప దాటనిచ్చేది కాదు. బయట తేలు, దిష్టి, ఈదురుగాలి, అన్నిటికీ మించి ఎండ. మనవడు తన ఒడి దిగడం ఈమెకు ఇష్టం లేదేమోనని నాకు లోలోపల అనుమానం. చింతామణి పట్నంలో డాక్టరు వాడి కాళ్లు వత్తి చూసి, మందుతో పాటు రోజూ లేత ఎండ తగలాలన్నాడు. ఇంటికొచ్చాక అత్త అంది.

“నా పెద్దకొడుకు ఇంతే ఉండె. చేనికి ఎత్తుకొని పోతిని, వడదెబ్బకు పోయె. ఆ డాక్టరుకేం తెలుసమ్మా?”

ఆ సంగతి అంతవరకూ నాకెవరూ చెప్పలేదు. నా అనుమానానికి సిగ్గుపడ్డాను. అయినా పిల్లవాడి కాళ్లు చూస్తూ ఊరుకోలేక, రేపు వాణ్ణి బయట కూర్చోబెడతానని మొండికేశాను.

తెల్లారేసరికి ఆమే ముందు వాకిట్లో ఉంది. కట్టెతో రాళ్లన్నీ తిరగేసింది. నిజంగానే ఒక తేలు దొరికింది, అత్త నావైపు చూసింది. తర్వాత నిటారుగా నిలబడి, తన నీడ తల దగ్గర నాతో గులకరాయి పెట్టించి, పాదం వెంట పాదం వేస్తూ కొలిచింది.

“నీడ పదడుగులకు తగ్గితే ఎండ ముదిరినట్టే, వాన్ని లోపలికి తేవాల. ఎండనీ నమ్మొద్దు, ఇంట్లో ఉండే చీకటినీ నమ్మొద్దు.”

వాన, మబ్బు లేని ప్రతి పొద్దునా కొలిచింది. కొన్ని నెలలకు ఒకరోజు, ఆమె అలా నిలబడి ఉండగా వాడు నా పక్కనుంచి లేచాడు. నేలమీది ఆ నీడ తలను తొక్కాలని ఒకటి, రెండు, మూడు అడుగులు వేశాడు. నాకు ఏడుపు ఆగలేదు. నీడ కదిలితే వాడు ఆగిపోతాడని అత్త బిగదీసుకుని నిలబడింది. చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

“మ్మే,” అంది మెల్లగా, “వాని ముందరుండే రాయి తిరగేసి చూడు.”

ఇందాక మిద్దె మీద ఈ బొంత దులిపి, దాని కింద కూడా చూశాను. నిలబడి నా నీడ కొలుచుకున్నాను. పదకొండు అడుగులు. ఇంకాసేపు కూర్చోవచ్చు.