సముద్రపు చేపలకు బావినీళ్ళ వైద్యం

కన్నడసీమలోని చింతామణి హైస్కూల్లో ప్రయోగశాల ఊడ్చి, గాజుసామాను కడిగిపెట్టే పని మునిలక్ష్మమ్మది. పుట్టింది జంగమకోటెలో. మొగుడు పోయాక బడిలో కుదురుకుంది గానీ, అంతకుముందు ఇరవై ఏళ్ళు పట్టుపురుగులు పెంచింది. ఆమె చేతికింది పురుగులకు జబ్బు తగలదని ఊళ్ళో పేరు.

1961లో బడిలో వస్తు ప్రదర్శన పెట్టాలనుకున్నారు. సైన్సు మేష్టరు వెంకటేశప్ప పట్టుబట్టి మద్రాసు నుంచి ఏడు సముద్రపు చేపల్ని తెప్పించాడు. పసుపు ఒంటిమీద నల్లచారలతో అరచేయంత ఉన్నాయి. వాటితోపాటు పీపాల్లో సముద్రపు నీళ్ళూ లారీలో దిగాయి. హెడ్మాష్టరు రామకృష్ణప్ప పెదవి విరిచాడు.

"సముద్రం యాడ, చింతామణి యాడ? నాలుగు దినాలు బతికితే గొప్ప."

నెలరోజులు విడిగా పెట్టి కనిపెట్టుకున్నాకే జనానికి చూపించమని, చేపల్ని పంపిన స్నేహితుడు ఉత్తరం రాశాడు. వెనకగదిలో రాతితొట్టి నింపి వాటిని వదిలారు. లారీ ట్యూబులో గాలి నింపి, సన్నటి గొట్టంతో నీళ్ళలోకి వదిలే ఏర్పాటు మేష్టరు చేశాడు. ట్యూబుకు గాలి కొట్టడం మునిలక్ష్మమ్మ వంతు.

ఐదోరోజు చేపలు ఒళ్ళు రాతికేసి రుద్దుకోవడం ఆమె కంటబడింది. కళ్ళు కూడా మసకబారాయి.

"అప్పా, వీటికి దురద పుట్టినట్టుండాది. మేత ముట్టడంల్యా."

వెంకటేశప్ప ఉత్తరం మళ్ళీ చదివాడు. "ఒంటికి అంటుకొని బతికే చదును పురుగులమ్మా. నీళ్ళ రంగులోనే ఉంటాయి, కంటికి ఆనవు. మంచినీళ్ళలో ముంచితే చేప కొంచేపు ఓర్చుకుంటుంది, పురుగు ఓర్చుకోలేదు."

బావినీళ్ళ బకెట్టును తొట్టిలోనే నిలబెట్టి, రెండు నీళ్ళూ ఒకే వెచ్చదనానికి వచ్చాక, ఉత్తరంలో ఉన్నట్టే కాస్త వంటసోడా కలిపారు. ఒక్కో చేపకు ఐదు నిమిషాలు. మొదటి చేప పక్కకు ఒరిగేసరికి మునిలక్ష్మమ్మ దాన్ని బయటికి తీయబోయింది. అంతలోనే నల్లటి బకెట్టు అడుగున నువ్వుగింజల్లాంటి తెల్లటి పొలుసులు రాలాయి. చచ్చి తెల్లబడిన పురుగులవి. సాయంత్రానికి చేపలు రొయ్యపొడి తిన్నాయి.

పదిరోజులకు మళ్ళీ అదే దురద. ఒక చేప చచ్చి తేలింది.

"ఇంక చాలు. చేపల పటాలు పెడదాం," అన్నాడు హెడ్మాష్టరు. ఆయన బయటికి వెళ్ళాక మునిలక్ష్మమ్మ వెంకటేశప్ప దగ్గరికొచ్చింది.

"అప్పా, జబ్బు తగిలితే మేము బాగుండే పట్టుపురుగుల్ని ఏరి కొత్త తట్టలో పెడతాము. పాత తట్ట కడిగి ఎండలో ఏస్తాము. మనం చేపల్ని కడిగి మళ్ళా ఆ తొట్లోనే వదిల్తిమి గదా. గుడ్లు అంటుకోనుంటే?"

వెంకటేశప్ప ఉత్తరం తీసి కిందిదాకా వేలు పెట్టి చదివాడు. గుడ్లు మంచినీళ్ళకు చావవని చివర్లో ఉంది. "రాసినాడమ్మా. నేనే మనసుకు ఎక్కించుకోలేదు."

ఆ పూటే రెండో తొట్టి కడిగారు. మిగిలిన పీపాల నీళ్ళు రెండు మార్పులకే వస్తాయి. చేపల్ని ముంచి కొత్త తొట్టికి మార్చారు. పాతదాన్ని మునిలక్ష్మమ్మ కొబ్బరిపీచుతో తోమి ఎండలో బోర్లించింది. ఒక్కో తొట్టికి వేరే చెంబు, వేరే గుడ్డ. ఒకనాడు రామకృష్ణప్ప నీళ్ళలో వేలు పెట్టబోతే అడ్డంగా నిలబడింది.

"చెయ్యి కడుక్కోని రాప్పా."

ఆయన బావిదగ్గరికి నడిచాడు.

ఆరోరోజు ముంచినప్పుడు బకెట్టులో నాలుగైదు గింజలే రాలాయి. చేపల్ని, ఎండలో ఎండిన మొదటి తొట్టిలో కడపటి నీళ్ళు పోసి వదిలారు. మరో వారానికి మళ్ళీ ముంచి, ఆమె బకెట్టును వెలుతురుకు వంచి చూసింది. ఒక్కటీ లేదు. నీళ్ళు పారబోయబుద్ధిగాక, వెంకటేశప్పను పిలిచి చూపించింది. ఆయన నవ్వాడు. ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

ప్రదర్శన నాడు బాగేపల్లి నుంచి, మండికల్ నుంచి బస్సులు దిగినవాళ్ళంతా, రాతితొట్టి నీళ్ళతోనే నింపిన అద్దాల తొట్టి చుట్టూ మూగారు. ఆరు చేపలూ మెరుస్తూ తిరుగుతున్నాయి. చూడవచ్చిన విద్యాధికారి, వీటికి వైద్యం చేసిందెవరని కన్నడలో అడిగాడు. వెంకటేశప్ప ఏదో చెప్పబోయేలోపే రామకృష్ణప్ప మునిలక్ష్మమ్మను ముందుకు పిలిచాడు.

"నేనేప్పా," అంది ఆమె, నిటారుగా నిలబడి. "ఆరింటినీ బతికిస్తి."

ఎట్లా అని అధికారి అడిగాడు. వెనక వరస కట్టిన జనం కాచుకొని ఉండగా, కన్నడం కలిపి, తెలుగులో, ఆమె మొదటినుంచీ చెప్పుకొచ్చింది.