మిట్టమధ్యాహ్నం గబ్బిలాల చెట్టు కింద

నేను ఒంటరిగా యాడికి పోయినా మా ఇంట్లో ఒకటే అర్థం: ఎవడో ఉన్నాడని. వారం నుంచి మధ్యాహ్నాలు మా తోట చివరి చింతచెట్టు కింద కూర్చుని, గబ్బిలాలు పగలంతా ఏం చేస్తాయో రాసుకుంటున్నా. ఈ రోజు అవ్వ కట్టె పట్టుకుని వెనకాలే వచ్చింది.

"వాడు యాడుండాడే?"

"పైన చూడవ్వా."

ఎండకు అన్నీ రెక్కలతో విసురుకుంటున్నాయి. ఒక తల్లి మాత్రం ఒక రెక్క పిల్లకు కప్పి, రెండోదానితో విసురుతోంది.

"పగలు నిద్రపోవా ఇవి?"

"ఈ ఉడుకులో నువ్వు పోతాండావా?"

అవ్వ చాలాసేపు చూసింది. హమ్మయ్య, అర్థమైందనుకున్నా. ఇంటికొచ్చి నాయనతో, "ఎవడూ లేడప్పా. పాపకు గాలి సోకిండాది, తాయెత్తు కట్టించు" అంది.

మీ ఇళ్లలోనూ ఇంతేనా? రేపు మధ్యాహ్నం తాయెత్తుకు పెనుకొండ పోవాలంట. నేను పోను. చెట్టు కిందికే పోతా.