అమ్మ పట్టీ మువ్వ

డెబ్బైల చివర నేను పరిశోధక విద్యార్థిని. గరుకు వెండికి ఏ పదార్థం రవ్వంత అంటి ఉన్నా, లేజరు వెలుగు పడగానే యంత్రంలోని పెన్ను దాని ఆనవాళ్ళను కాగితంమీద గీతలుగా గీసేది. కొత్త వెండి రావడం ఆలస్యమై, ఆ ఏడే తెనాలిలో చనిపోయిన అమ్మ పట్టీ మువ్వను ఇంటి అలవాటుకొద్దీ విబూదితో తోమి, వట్టి నీళ్ళలో పెట్టాను.

చీకటి గదిలో పెన్ను కదలసాగింది.

“నీళ్ళలో ఏం కలిపావయ్యా?” అన్నారు మా సార్.

“ఏమీ లేదండి.”

కొత్త వెండి వచ్చాక, అనుమానంతో దానికి పసుపు రాసి చూశాను. అచ్చం అవే గీతలు. అమ్మ రోజూ పాదాలకు పసుపు రాసుకునేది.

“మువ్వను యాసిడ్‌లో ముంచు, పోతుంది,” అన్నారు సార్.

“పోతుందనేనండి నా భయం.”

ఆ మువ్వను ఇవాళ్టికీ కడగలేదు.