కుర్చీ తీయించిన రూబీ మేడమ్

నేను డిగ్రీ కాలేజీలో చేరిన వారానికే నాకు శాలువా కప్పి వేదిక మీద కూర్చోబెట్టారు. అది కొత్తగా చేరిన విద్యార్థులకు స్వాగతం చెప్పే సభ. నాతో పాటు చేరినవాళ్ళందరికీ కింద తలా ఒక గులాబీ, ఒక కడలమిఠాయి ముక్క, అదే వేరుశెనగ అచ్చు, పంచారు. నాకు ఆ రెండూ ఇవ్వలేదు. అందరితో పాటు వరసలో నిలబడి అడ్మిషన్ తీసుకున్నవాణ్ణి, మరి నన్ను విద్యార్థుల్లో ఎందుకు కలపలేదు? ఇది అన్యాయం. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

ఈ ఉదయం తమిళనాడులో మా ఊరు కోవిల్‌పట్టిలో, మా వీధి చివరి మిఠాయి బట్టీ నుంచి బెల్లం పాకం వాసన వచ్చింది. అంచున కొద్దిగా మాడుతున్న పాకం. నా బతుకంతా వేరుశెనగపప్పు, బెల్లపు పాకం మధ్యనే గడిచింది కాబట్టి మామూలుగా అయితే "పొయ్యి తగ్గించండిరా!" అని ఇక్కణ్ణుంచే కేక వేసేవాణ్ణి. ఇవాళ వెయ్యలేదు. ఆ వాసనతో నాకు నా బట్టీ గుర్తుకు రాలేదు, ఆ సభలో నా చేతికి అందని ఆ ముక్క గుర్తొచ్చింది. దాని వెనకే రూబీ మేడమ్ గుర్తొచ్చింది. మీరామెను చూడలేదు. పొట్టి మనిషి, గంజి పెట్టిన నూలు చీర, భుజాన గుడ్డసంచి. వయసులో నా కూతురి కంటే చిన్నది. గొంతు మాత్రం మొఫసల్ బస్సు కండక్టరుకు ఉండాల్సిన గొంతు.

ముందు నా సంగతి చెప్పాలి. నా చదువు ఐదో తరగతితో ఆగింది. ఆపింది నేను కాదు. అగ్గిపెట్టెలకు లేబుళ్ళు అంటించడానికి చిన్న చేతులు కావాలన్నారు, మా ఇంట్లో ఖాళీగా ఉన్న చిన్న చేతులు నావే. ఒక పిల్లవాడి చేతిలో పలక తీసి జిగురు గిన్నె పెట్టినవాళ్ళను ఎవరూ ఏమీ అడగలేదు. సరే, నేనే చదువుకున్నాను. తమిళం పొట్లాం కాగితాల మీద చదివాను. ఇంట్లో మేం మాట్లాడేది తెలుగే అయినా చదవడం మాలో ఎవరికీ రాదు. ఆ అక్షరాలు నాకు లారీల వెనక దొరికాయి. గుంటూరు నుంచి మిరపకాయలు తెచ్చే లారీలు విరుదునగర్ గోదాముల ముందు బారులు తీరి నిలబడేవి. పనిమీద అటు వెళ్ళినప్పుడల్లా డ్రైవర్లను పట్టుకుని, "అన్నా, ఇదేం అక్షరం? దీని పక్కది?" అని అడిగేవాణ్ణి. వాళ్ళు నా మాట విని పగలబడి నవ్వేవారు. "ఏందయ్యా, మా ముత్తవ్వ లేచొచ్చినట్టు మాట్లాడుతున్నావు!" నవ్వితే నవ్వారు, అక్షరాలు ఇచ్చారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు.

మిఠాయి పని కొడుక్కి అప్పగించాక ప్రైవేటుగా పదో తరగతి, ఆ తరవాత ప్లస్ టూ రాశాను. ఆఫీసులో నా వయసు చూసి కాసేపు గొణుక్కున్నా, విరుదునగర్ శివార్లలోని ఒక కాలేజీ నన్ను బి.ఏ. చరిత్రలో చేర్చుకుంది. మొదటి రోజు తెల్లవారక ముందే తలస్నానం చేసి, కొత్త సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. మా ఆవిడ రాజమ్మ పొరుగింటామెతో అంటోంది: "పెండ్లి రోజు ఈ మనిషిని నలుగురు లేపినారు. ఇప్పుడు సూడు, కోడి కంటే ముందు కూస్తాండాడు." కూయనీ. సాత్తూరు దాటేదాకా బస్సు కిటికీలోంచి నల్లరేగడి చేలు చూస్తూ నాలో నేనే నవ్వుకున్నాను.

ఆ నవ్వు కాలేజీ గేటు దగ్గర పోయింది. కాపలా మనిషి లేచి నిలబడి చేతులు జోడించాడు. "అయ్యా, తల్లిదండ్రుల మీటింగు వచ్చే వారం."

"నేను సదవను వచ్చినాను."

"సంతోషం అయ్యా. మనవడి పేరు సెప్పండి, పిలిపిస్తా."

"నేనే ఆ పిల్లోణ్ణి!" అని అరిచాను. పాపం అతను మరింత భక్తిగా వంగాడు. (అక్కడ మాటలన్నీ తమిళంలోనే జరిగాయి. మా ఇంటి తెలుగులో పెట్టి రాస్తున్నాను.)

క్లాసులోకి అడుగు పెడితే పిల్లలంతా లెక్చరర్ అనుకుని లేచి నిలబడి నమస్కారం పెట్టారు. సంగతి తెలిశాక కూడా లేవడం మానలేదు. తాత వస్తే కూర్చుని ఉంటారా? మర్నాటికి ఆఫీసు నుంచి చేతుల కుర్చీ ఒకటి తెప్పించి, మెత్త వేసి, లెక్చరర్ బల్ల పక్కన క్లాసు వైపు తిప్పి పెట్టారు. నల్లబల్ల నా వీపు వెనక ఉంది. దాని మీద ఏం రాస్తున్నారో నాకు తెలియదు. క్లాసంతా రాసుకుంటుంటే నేను పెళ్ళిపందిట్లో పెద్దమనిషిలా వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చున్నాను. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి గొడవ చేశాను. ఆయన కాఫీ తెప్పించి, "మీకు గౌరవమిస్తాండాము అయ్యా," అన్నాడు. ఎవరడిగారయ్యా గౌరవం? నాకు బల్ల కనబడాలి!

వ్యాసాలు రాసి ఇస్తే చదివేవాళ్ళు కూడా లేరు. పైన "చాలా బాగుంది అయ్యా" అని ఒక ముక్క రాసి తిరిగిచ్చేవారు. అనుమానం వచ్చి, ఒకసారి పాత రాజుల పన్నుల మీద వ్యాసం మధ్యలో కడలమిఠాయి పాకం ఎప్పుడు దించాలో వివరంగా రాశాను. చుక్క నీళ్ళలో వేస్తే గట్టిగా ఉండ కట్టాలి, నేలకేస్తే టంగుమనాలి, అంతా. ఆ వ్యాసం కూడా చాలా బాగుందట. ఆ సాయంత్రం బస్సులో నాకు ఏడుపొచ్చినంత పనయింది. నేను రాసినది తప్పని చెప్పేవాడు లేకపోతే నేను కాలేజీకి వెళ్ళినట్టా, గుడికి వెళ్ళినట్టా?

సెలవులో ఉన్న మా చరిత్ర లెక్చరర్ రూబీ మేడమ్ ఆ తరవాతి వారం వచ్చింది. ఆమెదీ కోవిల్‌పట్టే, అగ్గిపెట్టెల పని చేసుకునే క్రైస్తవుల ఇల్లు, ఇంట్లో మా తెలుగే. అదంతా నాకు తరవాత తెలిసింది. ఆ రోజు తలుపు దాటగానే ఆమె కళ్ళు కుర్చీ మీద పడ్డాయి.

"ఈ కుర్చీ ఎవురిది?"

"తాతది మేడమ్," అన్నారు పిల్లలు.

"హాజరుపట్టీలో తాత అని పేరు లేదే. రామసామి ఎవురు?"

"ఎస్ మేడమ్!" నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"రెండో బెంచీలో జాగా ఉండాది. పోయి కూచోండి. ఈ కుర్చీ ఎవురైనా తీసి బయట పెట్టండి, నాకు కాలికి తగల్తాది."

నేను సంచి చంకలో పెట్టుకుని దాదాపు పరుగెత్తాను. రెండో బెంచీలో పాండి అనే కుర్రాడు పక్కకు జరుగుతూ, "తాతా, నా జాగాలో కాలు సాపితే ఊరుకోను," అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎదురుగా నల్లబల్ల, దాని మీద ఆమె రాసిన అక్షరాలు, తలలు పక్కకు వంచి రాసుకుంటున్న పిల్లలు. నేనూ తల వంచి రాసుకున్నాను.

ఇంకోసారి బస్సు ఆలస్యమైంది. తలుపు దగ్గర నిలబడి "మే ఐ కమ్ ఇన్" అన్నాను. ఆమె గడియారం చూసింది. "లేటు. బయట నిలబడండి."

"మేడమ్, తాత..." అంది ముందు బెంచీలో ఒక పిల్ల.

"బస్సు తాతకీ లేటే, మనవడికీ లేటే. నోట్సు రాసుకో."

వరండాలో పాండి, ఇంకో ఇద్దరు అప్పటికే నిలబడి ఉన్నారు. పాండి జేబులోంచి కారం శెనగలు తీసి నా చేతిలో పోశాడు. "రా తాతా, నువ్వూ మా జాతిలో కలిసినావు." ఆ గంటలో ఆ వరండాలో నాకు తెలిసినంత కాలేజీ మూడేళ్ళ కాగితాల్లో లేదు. లైబ్రరీలో పుస్తకం ఎలా తీసుకోవాలి, ఏ క్యాంటీన్ ఇడ్లీ తినకూడదు, ఫోనులో పాఠం ఎలా వినాలి, అర్థం కానప్పుడు ఎవరి నోట్సు చూడాలి, అన్నీ వాళ్ళే చెప్పారు. నా టిఫిన్ డబ్బా వాళ్ళు ఖాళీ చేశారు. అప్పటినుంచి నేను క్లాసులోకి వస్తే ఎవరూ లేచి నిలబడలేదు.

రెండో ఏడు ఆమె అందరికీ ఒక వ్యాసం ఇచ్చింది: మీ ఊరు చూసిన కరువు. నాకు పండగే. పిల్లలు ఎవరిని అడగాలా అని తలలు పట్టుకుంటే, నేను చూసిన కరువును రాత్రికి రాత్రి దస్తా కాగితం మీద కుమ్మరించాను. కోవిల్‌పట్టికి తూర్పున మా పల్లె. కూలివాళ్ళ వీధి మాది. మాకు నీళ్ళు పెద్దింటి తోట బావినుంచే. కరువు ముదిరిన రోజుల్లో ఒక తెల్లవారి వెళ్ళేసరికి ఆ బావి చుట్టూ కంప కొట్టి ఉంది. మా అమ్మ ఖాళీ కడవతో అక్కడే కూలబడింది. ఆ కంప కొట్టించిన పెద్దింటాయన్ని నేను ఇన్నేళ్ళలో ఒక్కరోజూ క్షమించలేదు. అదే రాశాను, ఒక్కటీ వదలకుండా రాశాను.

మేడమ్ దానిమీద మార్కు వెయ్యలేదు. "ఇది మీరొక్కరు సూసింది. ఆ ఇంట్లోవాళ్ళు ఏమంటారు?"

"వాళ్ళేమంటారు మేడమ్? నేను కండ్లారా సూసినాను."

"వాళ్ళని అడిగినారా?"

"నా వయసేంది, మీ వయసేంది! మీరు పుట్టకముందు జరిగింది నాకు సెప్తారా?"

ఆమె కాగితాలు మడిచి నా చేతిలో పెట్టింది. "ఇప్పుడు మీరు తాత అవుతాండారు. కుర్చీ తెప్పించనా?"

నేను వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. తరవాత పాండిని వెంటబెట్టుకుని కారియాపట్టి బస్సెక్కాను. పెద్దింటాయన ఎప్పుడో పోయాడు. ఆయన భార్య అక్కడ చెల్లెలి ఇంట్లో ఉంటోందని కనుక్కున్నాం. దారంతా నాలో ఉన్నది కోపమో, సంబరమో నాకే తెలియదు. పాండి, "తాతా, పోట్లాటకి పోతాండామా, పాఠానికి పోతాండామా?" అని నవ్వాడు. ఒకరిని అడిగి తెలుసుకోవడానికి బస్సెక్కి వెళ్ళడం నా జీవితంలో అదే మొదలు.

ముసలామె మమ్మల్ని చూసి, "ఏమప్పా, వాకిట్లో నిలబడినావు, లోపలికి రా," అంది. మా వీధివాణ్ణి ఆ ఇంటివాళ్ళు లోపలికి రమ్మనడం కూడా మొదలే. బల్లమీద కూర్చుని అడిగాను. "అమ్మా, కరువులో మీ బావికి కంప ఎందుకు కొట్టించినారు?"

"కంప సూసినావు. బావిలోకి తొంగి సూసినావా?"

"లేదు."

"ఎద్దు పడి సచ్చింది. నీళ్ళు కుళ్ళినాయి. నీళ్ళకి మేమూ రైలు స్టేషను ట్యాంకు కాడికే పోయినాము. తెలీక మీ పిల్లోళ్ళు తాగుతారని కంప కొట్టించినాడు మా ఆయన."

మళ్ళీ అడిగాను. "ఆ మాట మా వీధికి ఒక మనిషినంపి సెప్పుండొచ్చు కదమ్మా?"

ఆమె నా వైపు చూడకుండా అంది. "మీ వీధికి ఆయన ఎప్పుడు మాట సెప్పినాడప్పా?"

తిరుగు బస్సెక్కాం. నా కోపం పోలేదు. చల్లారలేదు కూడా. కాని ఆ కోపం పెట్టుకోవాల్సింది కంప మీద కాదని, మా వీధికి రాని మాట మీదని తెలిసింది. అంతా మళ్ళీ రాశాను. నేను చూసింది రాశాను, ఆమె చెప్పింది రాశాను, ఎద్దు సంగతి నిజమా అని ఊళ్ళో మిగిలిన ముసలివాళ్ళను అడిగి, అవునన్నవాళ్ళదీ కాదన్నవాళ్ళదీ రాశాను. రాస్తున్నంతసేపూ ఒళ్ళంతా జ్వరం వచ్చినట్టు ఉత్సాహం. పేజీలు చాలక మళ్ళీ కొన్నాను.

రూబీ మేడమ్ ఇప్పుడు తిరునెల్వేలి వైపు వేరే కాలేజీలో పనిచేస్తోంది. నాకు డిగ్రీ చేతికొచ్చింది. ఇప్పటికీ టీకొట్టులో ఎవరైనా "ఆ రోజుల్లో ఏం జరిగిందో నాకు తెలుసు" అంటే నా నోటివెంట "ఇంకెవరు చూశారు?" అనే మాట దానంతటదే వస్తుంది. నా పాత జ్ఞాపకం ఏదైనా కోపంగా లేచినప్పుడు నన్ను నేనూ అదే అడుగుతాను. రాజమ్మకు ఇది ప్రాణం మీదికొచ్చింది. "కూరలో ఉప్పెక్కువైందని నేను సెప్తే, ఇంకెవురు సెప్పినారంటాడు," అని కోడలితో మొరపెట్టుకుంటుంది.

రెండోసారి రాసిన కాగితాలు ఇచ్చిన రోజు నేను మేడమ్ గది బయట పాండితో పాటు నిలబడ్డాను. పాండి పేరు పిలిచారు, వెళ్ళి వచ్చాడు. తరవాత నా పేరు. ఇన్నాళ్ళూ ఎవరూ ఇవ్వని జవాబు కోసం లోపలికి వెళ్ళి, "మేడమ్, పాసా, ఫెయిలా?" అని అడిగాను. ప్రతి పేజీ మీదా ఎర్ర సిరా గీతలున్నాయి. ఆమె చివరి పేజీ తీసి వేలు పెట్టి చూపించింది.

"జస్ట్ పాస్. మీ వీధి గురించి ఆయమ్మ ఆఖరున సెప్పిన మాటని ఇక్కడ ఆఖరు పేజీలో పడేసినారే, అది మొదటి పేజీలో రావాల. మళ్ళా రాసి సోమవారం తీసుకురాండి, లేటైతే నేను తీసుకోను."