‘కేర్‌ఫుల్’ కింద ఒక ఖాళీ పంక్తి

ఆ రోజుల్లో నిఘంటువు ఆఫీసులో ఒక ఉదాహరణ వాక్యం అచ్చుకెక్కాలంటే, దాన్ని ఎవరో ఒకరు నిజంగా నోటితో అని ఉండాలి. కుర్చీలో కూర్చుని అల్లిన వాక్యాలు చెల్లవు. ఇంగ్లీషు మాటకి తెలుగు అర్థం రాసి, కింద వాక్యం చదవగానే, సంపాదకులైన పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకుని, "ఎవరన్నారమ్మా? ఎవరితో?" అని అడిగేవారు. నీళ్ళు నమిలితే ఆ వాక్యం చెత్తబుట్టలోకే.

అలాంటి చోట, వాక్యాలు ఏరుకొచ్చే పనిలో ఉన్న ఆవిడకి చెవులమ్మ అని పేరు రావడంలో వింతేముంది?

దర్జీ దుకాణం మీది మేడలో రెండు గదులు, అదీ ఆఫీసు. కింద కుట్టుమిషన్ల చప్పుడు, పైన టైపు మిషను చప్పుడు. రెండూ ఒకేసారి ఆగాయంటే టీ వచ్చిందన్నమాట. చెవులమ్మ మెట్లెక్కి రావడమే దారిలో ఏరుకొచ్చిన మాటలన్నీ టైపిస్టు ముందు కుమ్మరించేది. కాగితం మీద రాసుకునే అలవాటు లేదు. విన్నది విన్నట్టు, విరుపుతో సహా, తలలో ఉండిపోయేది. ఒకసారి పక్కింటి మొగుడూ పెళ్ళాల పోట్లాట వింటూ పొయ్యి మీద పాలు పొంగబెట్టింది.

"పాలన్నీ నేలపాలు చేశావు కదే!" అని వాళ్ళాయన లబలబలాడితే, "పోతే పోయాయిలెండి. ‘దెప్పడం’ అనే మాటకి భలే వాక్యం దొరికింది" అందట.

కేర్‌ఫుల్ అనే మాట ఆవిడ వంతుకొచ్చింది. ఇదెంతలే, పొద్దున్నే తేల్చేద్దాం అనుకుంది. తీరా దిగాక లోతు తెలిసింది. ఇంగ్లీషులో ఒక్క మాటే. తెలుగులో సందర్భానికొకటి. బస్సు కండక్టరు "చూసుకుని దిగండి" అంటాడు. గాజు గిన్నె అరువిచ్చిన ఎదురింటావిడ "పదిలంగా తెచ్చివ్వు" అంటుంది. జ్వరంతో ఉన్న బిడ్డని చూపిస్తే డాక్టరు "రెండ్రోజులు కనిపెట్టుకుని ఉండండి" అంటాడు. పెద్దవాళ్ళ ముందు నోరు జారితే "ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడు". ఇక సంచీ పట్టుకుని ఊరెళ్ళే మనిషికి "జాగ్రత్త" అనే ఒక్క మాట చాలు, వాక్యం కూడా అక్కర్లేదు.

ఇవన్నీ టైపిస్టు మిషను మీద టకటకా కొడుతూ నవ్వాడు. "అమ్మాయ్, వీటిలో సగం నువ్వు మీ పిల్లతో అనేవే కదూ?"

"ఒక్కగానొక్క పిల్ల బాబాయిగారూ! అనకపోతే ఎలా?"

నిజమే. ఆరో తరగతి చదివే ఆ పిల్ల గుమ్మం దాటితే జాగ్రత్త, గ్లాసు పట్టుకుంటే జాగ్రత్త. స్నేహితురాలి సైకిలు ఒక్కసారి తొక్కుతానంటే ఇంట్లో పెద్ద రభస. ఆ రోజే పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నన్నంత పదిలంగా చూసుకోకమ్మా, ఊపిరాడట్లేదు" అంది.

తల్లికి గుండె కలుక్కుమంది. ఆ కలుక్కుమన్న క్షణంలోనే, వాక్యం ఎంత బాగుందో కూడా తోచింది. అతిగా కేర్‌ఫుల్‌గా ఉండటం అనే అర్థానికి దొరక్క దొరక్క దొరికిన వాక్యం. మర్నాడు తీసుకెళ్ళి ఇచ్చేసింది. పెద్దాయన "ఎవరన్నారు?" అంటే, "మా అమ్మాయి, నాతో" అని కాస్త గర్వంగానే చెప్పింది.

వారం తిరక్కుండా బడి ముందుగా వదిలేసిన రోజున పిల్ల ఆఫీసుకొచ్చింది. టైపిస్టు తాతకి ఆ పిల్లంటే ప్రాణం. "రావే రా! ఊపిరాడని పిల్లవి నువ్వేనా? నీ మాట పుస్తకంలోకి ఎక్కుతోంది తెలుసా!" అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దాయన కూడా.

పిల్ల నవ్వలేదు. తల్లి వైపు ఒక్కసారి చూసి, బల్ల చివర కూర్చుని చెప్పు బకిల్ పెట్టుకుంటూ తీసుకుంటూ ఉండిపోయింది.

అప్పటి నుంచీ ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. బడిలో ఏం జరిగిందంటే "ఏం లేదు". అన్నం ఇంకా వడ్డించనా అంటే తలూపడం. అంతకుముందు స్నానాల గదిలోంచి కూడా కబుర్లు చెప్పే పిల్ల, ఇప్పుడు ప్రతి మాటా ఆచితూచి, ఏ పుస్తకానికీ పనికిరాని మాటే ఎంచుకుని అనేది. వాళ్ళాయన రెండు రోజులు చూసి, "ఇదేం మౌనవ్రతమే తల్లీ కూతుళ్ళకి?" అన్నాడు. ఊళ్ళో వాళ్ళందరి మాటలూ వినపడే చెవులకి సొంత పిల్ల గొంతు కరువైపోయింది. ఇలాగే పెరిగి పెద్దదైపోతే?

ఆగలేక పెద్దాయన దగ్గరికెళ్ళింది. "ఆ వాక్యం తీసేయండి."

"పేజీ కూర్పు అయిపోయిందమ్మా. తీసేస్తే ఆ చోట ఏం వేస్తావు?"

"నా దగ్గరేం లేదండీ."

"విన్నది కాకపోతే నేను వెయ్యను. నీకు తెలుసు."

"ఖాళీగా వదిలేయండి."

పెద్దాయన గడ్డం గోక్కున్నారు. అన్నేళ్ళలో ఆ ఆఫీసులో ఒక్క పంక్తి కూడా ఖాళీగా పోలేదు. "పిల్ల అలిగిందా?" అన్నారు చివరికి. ఆవిడ తలూపింది. ఆయనే స్వయంగా ప్రూఫు అందుకుని ఆ వాక్యం కొట్టేశారు.

సాయంత్రం ఇంటికెళ్ళి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే చెప్పింది. "నీ మాట తీయించేశానే. నిన్నడక్కుండా ఇవ్వడం నాదే తప్పు."

పిల్ల లెక్కలు చేసుకుంటూ తల ఎత్తలేదు. "మరి అక్కడేం వేశారు?" అంది.

"ఏమీ లేదు. ఖాళీ."

"ఖాళీయా? పుస్తకంలోనా?" పెన్సిలు ఆగింది. "అందరూ అచ్చుతప్పు అనుకోరూ?"

"అనుకోనీ."

పిల్ల ఫక్కున నవ్వింది. ఇక కట్ట తెగినట్టే. లెక్కల టీచరు తుమ్మితే సుద్దముక్క ఎగిరి ఎవరి మీద పడిందో, ఆటల గంటలో ఎవరు ఎవరితో జట్టు తెంచుకుని పచ్చి కొట్టారో, అన్నీ వచ్చేశాయి. చివరికి గొంతు తగ్గించి, వారం నుంచి స్నేహితురాలి సైకిలు తొక్కుతున్న సంగతి కూడా. గౌను అంచు ఎత్తి, మోకాలి మీద పక్కు కట్టిన గాయం చూపించింది.

జాగ్రత్త అనే మాట చెవులమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "బ్రేకు ఏ చేత్తో వేస్తావు?" అని మాత్రం అడిగింది.

"రెండు చేతులతోనూ. ముందుదొక్కటే వేస్తే ముందుకి పడిపోతాం. నీకు ఆ మాత్రం తెలీదా అమ్మా?" అని పిల్ల కుర్చీకి అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుని తొక్కి చూపించడం మొదలెట్టింది. పొయ్యి వెలిగించడం ఆలస్యమైపోయింది. వాళ్ళాయన వచ్చి గుమ్మంలో నిలబడి చూస్తున్నా ఇద్దరూ గమనించలేదు.

మర్నాడు టైపిస్టు అలవాటుగా, "ఏం అమ్మాయ్, రాత్రి ఇంట్లో ఏమైనా దొరికాయా?" అన్నాడు.

చెవులమ్మ ఆలోచించింది. నవ్వు గుర్తుంది, మోకాలు గుర్తుంది. ఇచ్చేందుకు పనికొచ్చే వాక్యం మాత్రం ఒక్కటీ గుర్తు రాలేదు.